ఆటపట్టించడానికీ ఏడిపించడానికీ మధ్య

మా పాఠశాల బ్యాచ్ వాళ్ళందరినీ ఒకచోటికి చేర్చాలని ఒక మిత్రుడు ఓపికగా ఫోన్ నంబర్లు సేకరించి, కొన్ని నెలల క్రితం ఒక వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళ తరవాత ఒకరినొకరు గుర్తుపట్టుకోవడంలో ఉండే సంబరమంతా అందులో కనిపించేది. ఒక సాయంత్రం ఆ గ్రూపులోకి మరొక సహాధ్యాయిని చేర్చారు. అతని పేరు కనిపించిన రెండు నిమిషాలకే ఎవరో “ప్రె... ప్రె... ప్రె...” అని టైపు చేశారు. వెంటనే పగలబడి నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఇరవై నిమిషాలు తిరక్కుండానే అతడు గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్లు ఒక బూడిదరంగు వాక్యం కనిపించింది. దాని కింద ఎవరో తమ కొత్త కారు ఫోటో పెట్టారు.

అతనికి చిన్నప్పుడు నత్తి ఉండేది. ఎనిమిదో తరగతిలో హాజరు పిలిచేటప్పుడు “ప్రెజెంట్ సార్” అనడానికి అతడు పడే అవస్థ మాకు ప్రతి ఉదయం దొరికే వినోదం. మొదటి అక్షరం దగ్గర అతడు ఆగిపోగానే వెనక బెంచీల నుంచి ఇద్దరు ముగ్గురు ఆ అక్షరాన్ని అందుకునేవారు, మిగిలిన తరగతి నవ్వేది. కొన్నాళ్ళకు అతడు నోరు తెరవడం మానేసి చెయ్యి మాత్రం ఎత్తడం మొదలుపెట్టాడు. మాస్టారు “నోరు లేదా?” అని అడిగిన రోజు మేము ఇంకా ఎక్కువగా నవ్వాము. ఆ సంవత్సరం చివర అతడు బడి మారిపోయాడు. నేను ఒక్కనాడు కూడా ఆ అక్షరాన్ని పలకలేదు, అతనికి పేరు పెట్టలేదు, అతని పుస్తకం దాచలేదు. నవ్వాను, అంతే. ఇన్నేళ్ళూ ఆ “అంతే” అనే మాట చాటున నేను చాలా సుఖంగా ఉన్నాను.

తెలుగులో ఇంగ్లీషువారి ‘బుల్లీయింగ్’కు సరితూగే ఒకే మాట లేదు. పత్రికలు ‘వేధింపులు’ అని రాస్తాయి. ఇళ్ళలో, బడుల్లో వినిపించేవి మాత్రం రెండు మాటలు: ఆటపట్టించడం, ఏడిపించడం. మొదటి దానిలో ఆట ఉంది, రెండో దానిలో ఏడుపు ఉంది. ఒకే సంఘటనను చేసినవాళ్ళు మొదటి మాటతో చెబుతారు, పడినవాళ్ళు రెండో మాటతో చెబుతారు. విచారించే పెద్దవాళ్ళు చాలాసార్లు మొదటి మాటనే ఎంచుకుంటారు, ఎందుకంటే ఆ మాట వాడితే లేచి వెళ్ళి చేయవలసిన పని ఏదీ ఉండదు.

రెంటినీ విడదీసే గీత ఎక్కడుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇచ్చినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు, స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయుస్. ఆయన 1970ల నుంచే బడిపిల్లల మధ్య జరిగే దౌర్జన్యాన్ని క్రమపద్ధతిలో అధ్యయనం చేశాడు. ఆయన ప్రకారం ఒక చేష్టను వేధింపు అనాలంటే మూడు లక్షణాలు చూడాలి: బాధపెట్టే ఉద్దేశం, మళ్ళీ మళ్ళీ జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా. బలమంటే కండబలమే కానక్కరలేదు. తరగతిలో ఎక్కువమంది స్నేహితులుండడం బలమే, ధారాళంగా మాట్లాడగలగడం కూడా బలమే. సమవుజ్జీలైన ఇద్దరు పిల్లలు మైదానంలో కొట్టుకుంటే అది తగువు. మధ్యవర్తి కూర్చుని ఇద్దరి మాటా విని తీర్చవచ్చు. బలంలో తేడా ఉన్నచోట అదే మధ్యవర్తిత్వం అన్యాయమవుతుంది. “తప్పు ఇద్దరిదీ ఉంటుంది, చేతులు కలుపుకోండి” అనే తీర్పు దెబ్బ తిన్నవాడికి రెండో దెబ్బ. ఈ తేడా తెలియక జరిగే నష్టం నేను దగ్గరగా చూశాను, దాని సంగతి తరవాత చెబుతాను.

నార్వేలో 1982 చివర ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకోవడం, దాని వెనక తోటిపిల్లల తీవ్రమైన వేధింపులు ఉన్నాయని బయటపడడం ఆ దేశాన్ని కలవరపరిచాయి. మరుసటి సంవత్సరం ప్రభుత్వం దేశవ్యాప్త కార్యక్రమం చేపట్టింది. బెర్గెన్ నగరంలోని 42 బడుల్లో, సుమారు 2,500 మంది పిల్లల మీద ఓల్వేయుస్ ఆ కార్యక్రమ ఫలితాలను పరిశీలించి, వేధింపులు దాదాపు సగానికి తగ్గినట్లు నమోదు చేశాడు. తరవాత ఇతర దేశాల్లో చేసిన ప్రయత్నాలకు అంత ఫలితం రాలేదు. అనేక కార్యక్రమాల మదింపులను కలిపి చూసి ఫారింగ్టన్, టోఫీ అనే పరిశోధకులు తేల్చినదాని ప్రకారం సగటు తగ్గుదల సుమారు 20 శాతం. చిన్న సంఖ్యలా కనిపించే ఈ ఐదోవంతు గురించి పెదవి విరిచేవారు, ఆ ఐదోవంతులో తమ బిడ్డ ఉండి ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించాలని నాకనిపిస్తుంది.

నా “అంతే”కు నిజమైన దెబ్బ తగిలింది మాత్రం ఫిన్‌లాండ్ పరిశోధకుల వల్ల. క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో తరగతి గది మొత్తాన్ని ఒక చిత్రంగా చూశారు. వేధించేవాడు, వేధింపుకు గురయ్యేవాడు అనే ఇద్దరితో ఆ చిత్రం పూర్తి కాదు. వేధించేవాడికి చేయందించే సహాయకులుంటారు. నవ్వి, చుట్టూ మూగి, ఉత్సాహపరిచేవారు ఉంటారు. తమకేమీ పట్టనట్లు తప్పుకునేవారు ఉంటారు. బాధితుడి పక్షాన నిలిచేవారూ కొందరుంటారు. వీటిలో నా పాత్ర ఏదో వెతుక్కోవడానికి నాకు క్షణం పట్టలేదు. నేను ప్రేక్షకుణ్ణి అనుకున్నాను, కాని ఆ లెక్కలో నవ్వినవాడు ప్రేక్షకుల జాబితాలోకి రాడు.

కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ మరొక దారిలో వెళ్ళారు. పిల్లలను ప్రశ్నలడిగితే వాళ్ళు చెప్పదలచుకున్నదే చెబుతారు కనుక, మైదానంలో కెమెరాలు అమర్చి, పిల్లలకు చిన్న మైకులు తగిలించి జరిగినది జరిగినట్లు నమోదు చేశారు. వేధింపు జరిగిన సందర్భాల్లో 85 శాతానికి పైగా చుట్టూ ఇతర పిల్లలున్నారు. వారు అడ్డుపడినది ఐదింట ఒకవంతు కన్నా తక్కువ సందర్భాల్లోనే. కాని అలా అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్ల లోపే వేధింపు ఆగిపోయింది. వారి బృందం 2001లో ప్రచురించిన ఈ వివరాలు చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా తరగతిలో హాజరు పిలవడానికి ఐదు నిమిషాలు పట్టేది.

వేధించే పిల్లవాడి గురించి మనకున్న ఊహాచిత్రం కూడా చాలావరకు తప్పు. చదువు రాని, స్నేహితులు లేని, ఇంట్లో దెబ్బలు తినే మొరటువాడుగా అతన్ని ఊహించుకుంటాము. అలాంటివారు ఉన్నారు. వేధింపుకు గురవుతూ తాము మరొకరిని వేధించే పిల్లలు వారిలో కనిపిస్తారు, పెద్దయ్యాక అందరికన్నా ఎక్కువగా చితికిపోయేదీ వారే. కాని తరగతిలో పలుకుబడి ఉండి, మాట నేర్పు ఉండి, ఉపాధ్యాయుల దగ్గర మంచిపేరున్న పిల్లలు చేసే వేధింపు కంటికి కనిపించదు. ఎవరిని ఏ మాట అంటే తరగతి నవ్వుతుందో, ఎంతవరకు అంటే ఫిర్యాదుకు తావుండదో అలాంటివారికి తెలుసు. దీనికి ఎదుటివారి మనసు చదవగల తెలివి కావాలి. మా తరగతిలో ఆ అక్షరాన్ని మొదట అందుకున్నవాడు మంచి మార్కులు తెచ్చుకునేవాడు, క్లాస్ లీడరు కూడా.

అలాంటివాడి మీద పెద్దవాళ్ళకు చెబితే ఏమవుతుంది? ఇక్కడ మన భాషలోని మరో మాట అడ్డుపడుతుంది. చిన్నపిల్ల తనకు జరిగినది చెప్పుకోవడాన్నీ, పక్కవాడికి శిక్ష పడాలని కోరుతూ నేరాలు మోయడాన్నీ కలిపి మనం ‘చాడీలు చెప్పడం’ అంటాము. బలపం దాచినందుకు చెప్పినా చాడీయే, మరుగుదొడ్డి తలుపు బయట గడియ పెట్టినందుకు చెప్పినా చాడీయే. “చాడీలు చెప్పకు, వెళ్ళి కూర్చో” అని మూడుసార్లు విన్న పిల్ల నాలుగోసారి చెప్పదు. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ నియమం ఆమె ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ఆ వయసు పిల్లను మనం “ఎందుకు ముందే చెప్పలేదు?” అని అడుగుతాము.

చెప్పని పిల్లలు మరో విధంగా చెబుతారు. బడి ఉన్న రోజుల్లో మాత్రమే కడుపునొప్పి వస్తుంది. పెన్నులు, లంచ్ బాక్సులు తరచుగా ‘పోతాయి’. మధ్యాహ్నం వరకు మరుగుదొడ్డికి వెళ్ళకుండా ఉగ్గబట్టుకున్న పిల్ల ఇంటికి రాగానే పరుగెడుతుంది, ఎందుకంటే ఉపాధ్యాయుల కన్ను పడని చోటు అదొక్కటే. ఇప్పుడైతే మరొకటి: ఫోన్ మోగినప్పుడల్లా ముఖం మారుతుంది, కాని ఫోన్‌ను వదలదు.

మా అన్నయ్య కూతురు విషయంలో ఈ చివరి లక్షణాన్ని మేమెవరమూ గుర్తించలేదు. ఆమె అనుమతితో, కొన్ని వివరాలు మార్చి ఇది రాస్తున్నాను. తొమ్మిదో తరగతిలో వాళ్ళకొక క్లాస్ గ్రూపు ఉండేది. ఒక రోజు నుంచి అందులో ఎవరూ ఏమీ రాయడం మానేశారు. వారం తరవాత తెలిసిందేమిటంటే, ఆమె ఒక్కతె తప్ప తక్కినవారంతా మరో గ్రూపు పెట్టుకున్నారు. పాత గ్రూపులో ఆమె ఒంటరిగా, హోంవర్క్ ఏమిటని అడుగుతూ ఉండిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు, బెదిరించలేదు. ఫిర్యాదు చేయాలంటే ఏమని చేయాలి? వెలివేత ఎప్పుడూ అలాగే ఉంటుంది, చూపించడానికి గాయం ఉండదు. 2003లో జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో, మెదడును స్కాన్ చేస్తూ కంప్యూటర్ తెర మీద బంతి విసిరే ఆట ఆడించారు. తక్కిన ఆటగాళ్ళు బంతి తమకు వేయడం మానేసినప్పుడు, శారీరక నొప్పితో సంబంధమున్న మెదడు భాగం చురుకైంది. ముక్కూ ముఖమూ తెలియనివారు, ఏ విలువా లేని ఆటలో, కొద్ది నిమిషాలు పక్కన పెడితేనే అంత బాధ అయితే, రోజూ పక్కన కూర్చునే ముప్ఫైమంది చేసినప్పుడు ఎంత ఉంటుంది?

రెండు వారాల తరవాత, ఆమె తుమ్మబోతుండగా తీసిన ఫోటోతో ఎవరో ఒక స్టిక్కర్ తయారుచేశారు. అది పక్క సెక్షన్‌కూ, అక్కడి నుంచి ట్యూషన్ స్నేహితులకూ చేరింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. “బాబాయ్, నాన్నకి చెప్పకు. చెబితే ఫోన్ తీసేసుకుంటాడు” అన్నది ఆమె మొదటి వాక్యం. ఏం జరిగిందో ఆ తరవాత చెప్పింది. పెద్దవాళ్ళు గమనించవలసినది ఆ వరస. ఫోన్‌లో వచ్చిన కష్టానికి ఫోన్ లాక్కోవడమే మందు అని మనం అనుకుంటాము. ఆ వయసు పిల్లకు అది వెలివేతను పూర్తిచేయడమే. శిక్ష బాధితురాలికి పడుతుందని తెలిసిన ఇంట్లో బాధితురాలు నోరు విప్పదు. నేను చెప్పిన మొదటి మాట కూడా గొప్పదేమీ కాదు. “పట్టించుకోకమ్మా, వాళ్ళే మరిచిపోతారు” అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. “స్టిక్కర్ మరిచిపోదు బాబాయ్, అది వాళ్ళ ఫోన్లలో సేవ్ అయి ఉంటుంది” అంది.

ఆమె ఆ ఒక్క వాక్యంలో చెప్పినదానిని పరిశోధకులు చాలా పేజీల్లో చర్చించారు. ఓల్వేయుస్ చెప్పిన ‘మళ్ళీ మళ్ళీ’ అనే లక్షణం ఆన్‌లైన్‌లో తలకిందులవుతుంది. తయారుచేసినవాడు ఒక్కసారే పంపుతాడు, దానిని మళ్ళీ మళ్ళీ జరిపించేది ఫార్వర్డ్ చేసినవారు. బలంలో తేడాకూ కొత్త రూపం వస్తుంది. ఫేక్ అకౌంట్ వెనక దాగినవాడికి పేరు లేకపోవడమే బలం. మా కాలంలో బడి గంట కొట్టాక ఆ పిల్లవాడికి కనీసం మరునాటి హాజరు వరకు విరామం దొరికేది. ఇప్పుడు ఆ గంట కొట్టే చోటే లేదు. తెర వెనక ఉన్నప్పుడు మనిషి ఎదురుగా అనలేని మాట ఎలా అనగలుగుతాడో 2004లో జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త వివరించాడు. పేరు కనిపించదు, ముఖం కనిపించదు, అన్న మాటకు జవాబు అప్పటికప్పుడు రాదు కనుక అదుపు సడలుతుందని ఆయన వాదన. దీనికి నేను ఒకటి చేరుస్తాను: తరగతిలో నవ్వాలంటే కనీసం ఏడ్చేవాడి ముఖం కనిపిస్తుంది. నవ్వే బొమ్మ నొక్కడానికి అది కూడా అడ్డు రాదు.

అయినా ఆన్‌లైన్ వేధింపు వేరే లోకం నుంచి ఊడిపడినది కాదు. చాలావరకు అదే తరగతి, అవే ముఖాలు, పగలు మొదలైనది రాత్రి కొనసాగుతుంది. యునెస్కో 2019లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు అంతకు ముందు నెలలో కనీసం ఒక్కసారైనా తోటిపిల్లల వేధింపుకు గురయ్యారు. ఇంత విస్తారమైన విషయానికి కారణమంతా ఫోన్ మీద తోసేయడం పెద్దలకు సౌకర్యంగా ఉంటుంది, ఎందుకంటే ఫోన్‌కు తల్లిదండ్రులు లేరు, క్లాస్ టీచర్ లేరు.

మేము చేసిన పనుల్లో పనికొచ్చినవి కొన్ని ఉన్నాయి. ఆమెకు జరిగినదంతా అడ్డు తగలకుండా విన్నాము, ఇది నాకు రెండో ప్రయత్నంలో సాధ్యమైంది. వాళ్ళ నాన్నకు ఆమె ఎదురుగానే చెప్పి, ఫోన్ ఆమె దగ్గరే ఉంటుందని ముందుగా మాట తీసుకున్నాము. బ్లాక్ చేయడానికి ముందే తేదీ, సమయం, పంపినవారి పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచాము, ఎందుకంటే కోపంలో మొదట అన్నీ తుడిచేస్తే తరవాత చూపించడానికి ఏమీ మిగలదు. ఎదురు స్టిక్కర్ తయారుచేస్తానని ఆమె అన్నయ్య బయలుదేరాడు, వాణ్ణి ఆపడానికి మాత్రం చాలా శ్రమపడ్డాము.

పాఠశాల మొదట చేసినది పైన నేను చెప్పిన తప్పే. నలుగురు పిల్లలను, ఈమెను ఒకే గదిలో నిలబెట్టి, క్షమాపణ చెప్పించి, చేతులు కలిపించి పంపారు. క్షమాపణ బాగానే చెప్పారు. ఆ రాత్రి చేతులు కలుపుకుంటున్న బొమ్మతో కొత్త స్టిక్కర్ వచ్చింది. ఆ తరవాత మరొక ఉపాధ్యాయురాలు విషయం చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడారు. గుంపుగా ఉన్నప్పుడు నవ్విన పిల్లలు విడిగా కూర్చున్నప్పుడు నవ్వలేదట. ఆపైన, స్టిక్కర్‌ను ఎవరికీ పంపని ముగ్గురు అమ్మాయిలను పిలిచి, ఫలానా అమ్మాయికి ఈ రోజుల్లో కష్టంగా ఉంది, మీరేం చేయగలరని అడిగారు. ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు. మరునాడు ఒకమ్మాయి బస్సులో పక్క సీటు మీద బ్యాగు పెట్టి ఈమె కోసం ఆపింది.

ఆ ఉపాధ్యాయురాలు ఎక్కడైనా చదివి చేశారో, సహజంగా తోచి చేశారో నేనడగలేదు. ఫిన్‌లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించగా 2009 నుంచి దేశమంతటా అమలైన ‘కివా’ అనే కార్యక్రమంలో ఉన్న పద్ధతి దాదాపు ఇదే. ‘వేధింపుకు వ్యతిరేకంగా’ అనే ఫిన్నిష్ మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు కట్టారు, ఆ భాషలో కివా అంటే ‘బాగుంది’ అని కూడా అర్థమట. చూస్తున్నవారిని కదిలిస్తే వేధించేవాడికి దక్కే బహుమతి ఆగిపోతుందన్నది దాని ఆధారం. తప్పు చేసిన ప్రతివాణ్ణీ బడి నుంచి పంపించివేసే కఠిన విధానం వినడానికి గట్టిగా ఉంటుంది. ఆచరణలో దాని వల్ల పిల్లలు ఫిర్యాదు చేయడానికి ఇంకా భయపడతారు, ఎందుకంటే ఒక సహాధ్యాయి చదువు పోవడానికి తామే కారణమన్న నింద మోయడానికి ఎవరూ సిద్ధపడరు.

“చిన్నపిల్లలు, పెద్దయితే మరిచిపోతారు” అనేవారికి చెప్పవలసిన ఒక లెక్క ఉంది. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు అనుసరించిన అధ్యయనం ఒకటుంది. అందులో 7,771 మంది వివరాలను పరిశీలించి, 7, 11 ఏళ్ళ వయసుల్లో తరచుగా వేధింపుకు గురైనవారికి 50 ఏళ్ళు వచ్చేనాటికి కూడా కుంగుబాటు, ఒంటరితనం, ఆరోగ్య సమస్యలు తక్కినవారికన్నా ఎక్కువగా ఉన్నట్లు 2014లో ప్రచురించారు. ఆ లెక్క చదివిన రాత్రే నేను మా బ్యాచ్ గ్రూపు తెరిచాను.

ఆ సాయంత్రం నేను నవ్వే బొమ్మ పెట్టలేదు. అందుకు లోలోపల కొంత గర్వపడిన మాట నిజం. పెట్టకపోవడం తప్ప ఇంకేమీ చేయలేదని గుర్తించడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాను. అతన్ని మనం ఎనిమిదో తరగతిలో ఒకసారి, మొన్న మరొకసారి వెళ్ళగొట్టామని, నాకు రెండుసార్లూ తెలుసునని రాశాను. ఇద్దరు “సరదాకి అన్నాంరా” అన్నారు. ఒకరు ఇన్నేళ్ళ తరవాత ఈ పాత పురాణం దేనికన్నారు. ముగ్గురు విడిగా సందేశాలు పంపి, తామూ అదే అనుకున్నామని చెప్పారు. గ్రూపులో ఎందుకు చెప్పలేదని వారిని అడిగే హక్కు నాకు లేదు.

తరవాత అతని నంబరు సంపాదించి రాశాను. నువ్వు అని మొదలుపెట్టి, నేను ఫలానా అని చెప్పి, హాజరు పిలిచేటప్పుడు నవ్వినవారిలో నేనూ ఉన్నానని, దానికి క్షమించమని రాశాను. చదివినట్లు నీలి గీతలు వెంటనే కనిపించాయి. జవాబు నాలుగు రోజులకు వచ్చింది.

“నమస్కారం. మీరు నాకు సరిగా గుర్తు రావడం లేదు. ఎక్కడ కూర్చునేవారు?”

నీ వెనక బెంచీలో అని రాశాను.